కరాచీ నుండి బీదరుకు: సిడ్నీ కాటన్ ఆయుధ విమానాలు, 1948 నాటి హైదరాబాదు సంస్థానం

వ్యాససంగ్రహం: రెండవ ప్రపంచయుద్ధానికి ముందు బ్రిటన్ కోసం జర్మనీని రహస్యంగా ఫొటోలు తీసిన వైమానికుడు సిడ్నీ కాటన్, గూఢచర్యం నుండి వైదొలగిన ఏడేళ్ల తర్వాత, 1948లో నిజాం ప్రభుత్వానికి ఆయుధాలు చేరవేశాడు. హైదరాబాదు చరిత్రలో ఈ ఉదంతం సాధారణంగా ఒక సాహసగాథగా, లేదా ఒక నేరంగా ప్రస్తావనకు వస్తుంది. ఆ విమానాలు సంస్థానానికి చేకూర్చినది సైనికబలం కన్నా భ్రమ అని, ఆ భ్రమకు మూల్యం చెల్లించినవారు ఆ బేరంలో లేనివారని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. బీదరు, జహీరాబాదు, సంగారెడ్డి, పటాన్‌చెరు రహదారిని ఆధారంగా చేసుకుని ఈ పరిశీలన సాగుతుంది.

కీలకపదాలు: హైదరాబాదు సంస్థానం, పోలీసు చర్య, సిడ్నీ కాటన్, గూఢచర్యం, బీదరు, సంగారెడ్డి, ఆముక్తమాల్యద.

ఉపోద్ఘాతం

కాటన్ అనగానే తెలుగువారికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ గుర్తుకు వస్తాడు. ఈ వ్యాసంలోని కాటన్ వేరు. ఫ్రెడరిక్ సిడ్నీ కాటన్ 1894లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో జన్మించాడు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ నౌకాదళపు వైమానిక విభాగంలో పనిచేశాడు. ఆకాశంలో చలికి తట్టుకునేందుకు వైమానికులు ధరించే ‘సిడ్‌కాట్’ అనే దుస్తును రూపొందించినవాడు అతడే. ఆ దుస్తు పేరు అతని పేరులోని అక్షరాల నుండే పుట్టింది.

1948 సెప్టెంబరు 17ను విమోచన అనాలా, విలీనం అనాలా, విద్రోహం అనాలా అన్న వాదం తెలంగాణలో నేటికీ తెగలేదు. ఆ వాదంలో పాల్గొనే మూడు పక్షాలూ కాటన్ విమానాలను ఉదాహరిస్తాయి. సంస్థానం భారతదేశంపై యుద్ధానికి సిద్ధపడిందనడానికి ఒకరు, దిగ్బంధంలో చిక్కుకున్న ప్రభుత్వం ఆత్మరక్షణకు ప్రయత్నించిందనడానికి మరొకరు, వలసవాదుల కుట్ర అనడానికి ఇంకొకరు వాటిని సాక్ష్యంగా చూపుతారు. ఇన్ని వాదాలకు పనికివచ్చే సాక్ష్యాన్ని ఒకసారి విడిగా పరిశీలించవలసి ఉంటుంది.

చారుని లక్షణాలు: రాజనీతి గ్రంథాల సాక్ష్యం

మన రాజనీతి సాహిత్యంలో వేగువాడు సామాన్యుడు కాడు. కౌటిల్యుని అర్థశాస్త్రం ఒకచోట నిలిచి పనిచేసే చారులను ఐదు విధాలుగా విభజించింది. కాపటికుడు, ఉదాస్థితుడు, గృహపతికుడు, వైదేహకుడు, తాపసుడు. వీరిలో వైదేహకుడు వర్తకుని వేషంలో ఉండేవాడు. సరుకు అమ్ముకుంటూ తిరిగేవాణ్ణి ఎక్కడా ఎవరూ అనుమానించరన్నది ఇందులోని కిటుకు. ఉదాస్థితుడు మరింత విచిత్రమైనవాడు. సన్యాసం స్వీకరించి, దానిని విడిచి వచ్చినవాడు. ప్రజ్ఞ, శుచిత్వం ఉన్న అటువంటివానికి భూమి, ధనం, శిష్యులు సమకూర్చి రాజు తన పనికి నియమించుకోవాలని శాస్త్రం చెబుతుంది. విరమించినవాడు తిరిగి లోకవ్యవహారంలోకి రావడం అనే అంశాన్ని కౌటిల్యుడు ఏనాడో గుర్తించాడన్నమాట. అయితే అక్కడ విరమించినది సన్యాసాన్ని. గూఢచర్యాన్నే విరమించి మళ్లీ అపాయంలోకి దిగినవానికి శాస్త్రంలో ప్రత్యేకమైన పేరు లేదు.

ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసంలో యామునాచార్యుడు రాజ్యాన్ని కుమారునికి అప్పగిస్తూ చేసిన నీతిబోధలో చారుని లక్షణాలు ఉన్నాయి. చారుడు పురవాసి అయి ఉండాలి. అనేక భాషలు తెలియాలి. ఇతర చారులకు తెలియనివాడై ఉండాలి. గుర్తుపట్టడానికి వీలైన చిహ్నాలేవీ ఉండకూడదు. అతనికి అతడు కోరినదానికన్న ఎక్కువ ధనం ముట్టాలి. కృష్ణదేవరాయలు స్వయంగా యుద్ధాలు నడిపినవాడు కనుక ఈ మాటల వెనుక పుస్తకజ్ఞానం కన్నా అనుభవమే ఎక్కువ అనిపిస్తుంది. రాయవాచకంలోనూ సుల్తానుల కొలువుల నుండి వేగులవారు తెచ్చిన వార్తలే కథను నడిపిస్తాయి.

ఈ లక్షణాలను కాటన్‌కు అన్వయిస్తే 1939 నాటి మనిషికీ 1948 నాటి మనిషికీ ఉన్న దూరం స్పష్టమవుతుంది.

1939: వైదేహకుడు

1930లలో కాటన్ ‘డూఫేకలర్’ అనే రంగుల ఫిల్ము వ్యాపారంలో ఉన్నాడు. ఐరోపా అంతటా విమానంలో తిరిగే వ్యాపారి. బ్రిటిష్ రహస్య సమాచార సంస్థ ఎం.ఐ.6లో వైమానిక విభాగాన్ని చూస్తున్న ఫ్రెడరిక్ వింటర్‌బోథమ్‌కు కావలసినది సరిగ్గా అటువంటివాడే. యుద్ధం ముంచుకొస్తున్న రోజులవి. జర్మనీ విమానాశ్రయాల, రేవుల, కర్మాగారాల ఫొటోలు కావాలి. సైనిక విమానం వెళ్లే వీలు లేదు. వ్యాపారి విమానం వెళ్లవచ్చు.

కాటన్‌కు లాక్‌హీడ్ 12ఏ అనే చిన్న రెండు ఇంజన్ల విమానాన్ని సమకూర్చారు. దాని అడుగుభాగంలో కెమెరాలను అమర్చి, జారే పలకలతో కప్పి ఉంచారు. ఎత్తుకు వెళ్లినప్పుడు కటకాలపై తేమ పేరుకోవడం ఆనాటి ఆకాశ ఛాయాగ్రహణంలో పెద్ద ఇబ్బంది. విమానం లోపలి వెచ్చని గాలి కెమెరాల మీదుగా బయటికి పోయేటట్లు చేయడంతో ఆ ఇబ్బంది తొలగింది. 1939 వేసవిలో జర్మన్ వైమానిక సేనాధిపతి కెస్సెల్‌రింగ్‌ను అదే విమానంలో విహారానికి తీసుకువెళ్లి, అతడు పక్కన ఉండగానే కింద కెమెరాలను నడిపించానని కాటన్ చెప్పుకున్నాడు. కాటన్ మాటల్లో అతిశయం పాలు కొంత ఉండవచ్చు. కానీ ఆ ఫొటోలు నిజం, వాటివల్ల బ్రిటన్ పొందిన ప్రయోజనం నిజం.

యుద్ధం మొదలయ్యాక హెస్టన్‌లో వైమానిక ఛాయాగ్రహణ దళం ఏర్పడింది. దానికి కాటన్ నాయకుడు. స్పిట్‌ఫైర్ విమానాల నుండి తుపాకులు తీసివేయించి, అతుకులు నున్నగా పూడ్పించి, ఆకాశంలో కలిసిపోయే లేత రంగు వేయించాడు. ఫొటోలు తీయవలసినవాడు పోరాడకూడదు, చూసి తప్పించుకు రావాలి అన్నది అతని సిద్ధాంతం. ఆ తర్వాతి యుద్ధకాలమంతటా మిత్రరాజ్యాల వైమానిక నిఘా ఈ మార్గంలోనే పెరిగింది. కాటన్‌కు మాత్రం అందులో చోటు దక్కలేదు. పై అధికారులతో పొసగక 1940 జూన్‌లో అతణ్ణి తొలగించారు. 1941లో ఓ.బి.ఇ. బిరుదు ఇచ్చారు. అదే సంవత్సరం అతడు సైనికోద్యోగానికి రాజీనామా చేశాడు. ప్రభుత్వాలు తమకు అక్కర తీరిన చారుణ్ణి గౌరవంగా పక్కకు పెట్టే పద్ధతి ఏ దేశంలోనైనా ఇలాగే ఉంటుంది కాబోలు.

1948: నిజాం బేరం

1947 నవంబరు 29న హైదరాబాదు, భారత ప్రభుత్వాల మధ్య ఏడాది కాలానికి యథాతథ ఒడంబడిక కుదిరింది. ఆ తర్వాత మీర్ లాయఖ్ అలీ ప్రధానమంత్రి అయ్యాడు. ఖాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్ల ప్రాబల్యం పెరిగింది. ఒడంబడికను మీరుతున్నారని రెండు ప్రభుత్వాలూ పరస్పరం నిందించుకున్నాయి. సంస్థానానికి సముద్రం లేదు. నాలుగు దిక్కులా భారత భూభాగమే. భారతదేశం ఆయుధ సరఫరాను ఆపివేయగా, ఆర్థిక దిగ్బంధం వల్ల మందులు, పెట్రోలు, యంత్ర సామగ్రి కూడా కరవయ్యాయి. సంస్థానపు క్రమబద్ధ సైన్యం ఇరవై వేల పైచిలుకు. దాని సేనాధిపతి మేజర్ జనరల్ సయ్యద్ అహ్మద్ ఎల్ ఇద్రూస్.

మిగిలిన దారి ఆకాశమొక్కటే. కాటన్ రంగప్రవేశం చేసినది ఇక్కడే. లాంకాస్టర్ బాంబరు విమానాన్ని ప్రయాణికుల కోసం మార్చగా వచ్చిన ‘లాంకాస్ట్రియన్’ విమానాలను అతడు సంపాదించాడు. బ్రిటిష్ వైమానికులను కూడగట్టుకుని, కరాచీని స్థావరంగా చేసుకున్నాడు. 1948 వేసవి నుండి తుపాకులు, మందుగుండు నింపుకున్న ఈ విమానాలు రాత్రివేళ భారత భూభాగం మీదుగా వచ్చి బీదరులోను, వరంగల్లు వద్దనున్న విమానాశ్రయంలోను దిగాయి. కరాచీకీ బీదరుకూ నడుమ సరళరేఖలో దూరం సుమారు 1,300 కిలోమీటర్లు. దారిలో ఇంజను చెడితే దిగడానికి చోటు లేదు, పట్టుబడితే కాపాడే ప్రభుత్వమూ లేదు.

1939లో కాటన్ యుద్ధవిమానాల నుండి తుపాకులు తీయించాడు. 1948లో ప్రయాణికుల విమానాలలో తుపాకులు నింపాడు. మొదటి పనిలో అతడు చూసేవాడు, రెండవ పనిలో మోసేవాడు. రాయలవారి లక్షణాలలో ఐదవది మినహా, అంటే ధనం మినహా, ఏదీ ఇక్కడ వర్తించదు. అతడు ఈ పురవాసి కాడు. ఇక్కడి భాషలేవీ అతనివి కావు. గుర్తుపట్టే చిహ్నాల సంగతి చెప్పనవసరమే లేదు. నాలుగు ఇంజన్ల లాంకాస్ట్రియన్ రాత్రిపూట తక్కువ ఎత్తులో ఒక చిన్న పట్టణం మీదుగా దిగితే ఎంత దూరానికి వినిపిస్తుందో ఊహించవచ్చు. దిగడానికి దీపాలు కావాలి, సరుకు దించడానికి మనుషులు కావాలి, మోయడానికి లారీలు కావాలి. ఇది ఎంతోకాలం దాగే రహస్యం కాదు, దాగలేదు కూడా. భారత ప్రభుత్వం ఆయుధాల దొంగరవాణాను బాహాటంగా ఆరోపించింది. హైదరాబాదులో భారత ఏజెంట్ జనరల్‌గా ఉన్న కె.ఎం. మున్షీ తర్వాతి కాలంలో తన గ్రంథంలో దీనిని రాశాడు. లాయఖ్ అలీ సైతం 1962లో వెలువడిన తన జ్ఞాపకాల గ్రంథంలో ఈ ఏర్పాటును దాచలేదు.

అందువల్ల కాటన్‌ను హైదరాబాదు సందర్భంలో గూఢచారి అనడం నా దృష్టిలో పొరపాటు. గూఢచారిగా గడించిన విద్యను, తెగువను అతడు రవాణా కూలికి అమ్మాడు. ఆ విద్యలో మిగిలినది విమానం నడపడం, అధికారులను బోల్తా కొట్టించడం. గూఢచర్యానికి ప్రాణమైన సమాచారం ఈ బేరంలో ఎక్కడా లేదు. అతడు నిజాం ప్రభుత్వానికి తుపాకులు తెచ్చిపెట్టాడే కాని ఢిల్లీ ఏమి చేయబోతున్నదో, దాని బలగం ఎంతో, గడువు ఎప్పుడో చెప్పలేదు. నిజానికి 1948లో హైదరాబాదుకు కొరవడినది ఆయుధం కన్నా తన స్థితిని ఉన్నదున్నట్లు చూపే కన్ను. ఆ కన్ను ఉన్నవాడు వచ్చాడు, కానీ అతణ్ణి బండివానిగా వాడుకున్నారు.

పటాన్‌చెరు దారి

నేటి 65వ నంబరు జాతీయ రహదారి మీద పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతాలు కర్మాగారాల వరుస. అటు రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్., ఇటు 1972లో స్థాపించిన ఇక్రిశాట్, ఎద్దుమైలారంలో ఆయుధ సామగ్రి తయారుచేసే కర్మాగారం. 1948లో ఇవేవీ లేవు. షోలాపూరు నుండి హైదరాబాదుకు వచ్చే పాత రహదారి మాత్రం ఉంది. సంగారెడ్డి అప్పటికే మెదక్ జిల్లా కేంద్రం. జహీరాబాదు నాడు బీదరు జిల్లాలోనిది. 1956 పునర్వ్యవస్థీకరణలో బీదరు మైసూరు రాష్ట్రానికి పోగా, జహీరాబాదు ఇటు మెదక్ జిల్లాకు వచ్చింది. బీదరు నుండి రాజధానికి రోడ్డు మార్గం జహీరాబాదు కూడలి వద్ద ఈ రహదారిని కలుసుకుని సదాశివపేట, సంగారెడ్డి, పటాన్‌చెరుల మీదుగా సాగుతుంది. రెండవది వికారాబాదు మీదుగా రైలు మార్గం.

బీదరులో ఆయుధాలు దింపడంలోని తర్కం ఈ భూగోళంలోనే ఉంది. పడమటి సరిహద్దుకు దగ్గర, రాజధానికి నేరుగా దారి. అయితే ఏ దారి రాజధానికి ఆయుధాలు చేర్చగలదో అదే దారి షోలాపూరు నుండి శత్రుసేననూ తీసుకురాగలదు.

జరిగినది అదే. సెప్టెంబరు 13న మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి నాయకత్వంలో భారత సైన్యం షోలాపూరు వైపు నుండి ప్రవేశించి ఆ రోజే నల్దుర్గ్‌ను పట్టుకుంది. ఉమర్గా, రాజేశ్వరం దాటి సెప్టెంబరు 16న జహీరాబాదు వైపు కదిలింది. అక్కడ రోడ్డులో పాతిపెట్టిన మందుపాతరలను ఏరివేయడానికి కొంత జాప్యం జరిగింది. బీదరు రోడ్డు ప్రధాన రహదారిని కలిసే చోట మాటు వేసినవారు కాల్పులు జరిపారు. వారిని ఎదుర్కొనడానికి కొంత బలగాన్ని అక్కడ విడిచి, మిగిలిన దళం ఆగకుండా ముందుకు సాగి చీకటి పడేవేళకు జహీరాబాదు దాటి 15 కిలోమీటర్లు వచ్చింది. 17వ తేదీ తెల్లవారుజామున మరొక దళం బీదరులో ప్రవేశించింది. ఆ సాయంత్రం 5 గంటలకు నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. లాయఖ్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది. మరునాడు చౌదరి ఎదుట ఇద్రూస్ లొంగిపోయాడు.

వేసవి నుండి రాత్రుళ్లు మోసిన ఆయుధాలు ఐదు రోజులు కూడా నిలబెట్టలేకపోయాయి. కూడలి వద్ద కాల్పులు, కొన్ని మందుపాతరలు, ఒక పగటి జాప్యం. సైనికంగా ఈ దారి మీద కనిపించిన ప్రతిఘటన ఇంతే. సంస్థానం ఎన్నాళ్లు నిలవగలదని ఎవరు ఎవరికి చెప్పారన్న విషయంలో లాయఖ్ అలీ గ్రంథానికీ ఇద్రూస్ జ్ఞాపకాలకూ పొసగదు. ప్రధాని సేనాధిపతిని తప్పుపడతాడు, తాను ముందే హెచ్చరించానని సేనాధిపతి అంటాడు. ఇద్దరిలో ఎవరిని నమ్మినా ఒక విషయం తేలుతుంది. నిర్ణయం తీసుకునే స్థానంలో ఉన్నవారు తమ బలాన్ని ఉన్నదానికన్న ఎక్కువగా లెక్కించారు. వారానికి ఇన్ని విమానాలు దిగుతున్నాయన్న వార్త ఆ లెక్కకు ఊతమిచ్చి ఉంటుంది. ఆకాశంలో వినిపించే ఇంజను చప్పుడు దర్బారుకు ధైర్యం, రజాకారుకు గర్వం, ఢిల్లీకి సాక్ష్యం. మూడింటి ఫలితమూ ఒకటే, సంప్రదింపుల తలుపు మూసుకుపోవడం.

లెక్కలోకి రానివారు

ఈ భ్రమ కొనసాగిన నెలలలో గ్రామాలలో ఏమి జరిగిందో తెలంగాణ సాహిత్యం చదివినవారికి చెప్పనక్కరలేదు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో నిజాం బలగాలు, రజాకార్లు కలిసి తొంభైమందికి పైగా గ్రామస్థులను చంపారు. అది కాటన్ విమానాలు తిరుగుతున్న కాలమే. ఆ ఊరిలో పేలిన తుపాకి కరాచీ నుండి వచ్చినదే అనడం చరిత్ర కాదు. అప్పటికే నిజాం పోలీసుల వద్ద అందుకు చాలినన్ని తుపాకులు ఉన్నాయి. కానీ బైరాన్‌పల్లి ఘటనకూ పోలీసు చర్యకూ మధ్య మూడు వారాల ఎడం కూడా లేదు. అప్పటికే ఓడిపోయిన స్థితిని గుర్తించలేని ప్రభుత్వం ఉన్నంతకాలం దాని పేరుమీద ఈ హింస సాగింది.

రెండవ వైపున జరిగినదానిని గురించి తెలుగులో రాసేటప్పుడు మనం సాధారణంగా గొంతు తగ్గిస్తాం. పోలీసు చర్య సమయంలోను, ఆ తర్వాతి రోజులలోను ముస్లింలపై జరిగిన హింసను విచారించడానికి భారత ప్రభుత్వం పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలను పంపింది. చనిపోయినవారి సంఖ్య కనీసం 27 వేల నుండి 40 వేల మధ్య ఉంటుందని వారి నివేదిక అంచనా వేసింది. దశాబ్దాల పాటు దానిని బయటపెట్టలేదు. ఎక్కువగా నష్టపోయినవిగా అది పేర్కొన్న నాలుగు జిల్లాలు ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు. కాటన్ విమానాలు దిగిన జిల్లా ఈ జాబితాలో ఉంది. నాటి జహీరాబాదు ఆ జిల్లాలో భాగమే. విమానాల మోత విన్న ఊళ్ల సామాన్య ముస్లిం రైతుకు, నేతగానికి, చిరువర్తకునికి ఆ ఆయుధాలతో ఏ సంబంధమూ లేదు. ఆయుధాలు తెప్పించినవారి పేరు, మతం మాత్రం వారికీ అంటుకున్నాయి.

కాటన్ విషయానికి వస్తే, లండనులో వైమానిక నిబంధనలను ఉల్లంఘించినందుకు అతనిపై అభియోగం మోపారు. అతడు తప్పు ఒప్పుకున్నాడు. 200 పౌండ్ల జరిమానా పడింది. ఆ శిక్ష ఆయుధాలకు కాదు, అనుమతి లేని ప్రయాణాలకు. ఒక దేశపు చట్టం తన పౌరుడు మరొక దేశంలో చేసిన పనిని ఎంత తూకం వేసిందో దీనిని బట్టి తెలుస్తుంది.

కోర్టుగదిలో మరోసారి

నిజాం ఆర్థికమంత్రి మొయిన్ నవాజ్ జంగ్ 1948 సెప్టెంబరులో, సంస్థానం లొంగిపోయిన వెంటనే, పది లక్షల పౌండ్ల పైచిలుకు ధనాన్ని లండనులోని వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో పాకిస్థాన్ హైకమిషనరు రహీంతూలా ఖాతాకు బదిలీ చేశాడు. తన అనుమతి లేకుండా జరిగిందని నిజాం అడ్డుపడడంతో ఆ ధనం దశాబ్దాల తరబడి బ్యాంకులోనే నిలిచిపోయింది. ఈ వ్యాజ్యంలో పాకిస్థాన్ వినిపించిన వాదాలలో ఒకటి మనకు ముఖ్యం. హైదరాబాదుకు చేరవేసిన ఆయుధాలకు ఆ ధనం ప్రతిఫలమని. 2019 అక్టోబరు 2న ఇంగ్లండు హైకోర్టు న్యాయమూర్తి మార్కస్ స్మిత్ ఆ వాదాన్ని తోసిపుచ్చి, అప్పటికి 3 కోట్ల 50 లక్షల పౌండ్లకు పెరిగిన మొత్తం నిజాం వారసులకు, భారతదేశానికి చెందుతుందని తీర్పు చెప్పాడు. 71 ఏళ్ల తర్వాత కాటన్ రాత్రి ప్రయాణాలు మరోసారి చర్చకు వచ్చినది ఒక బ్యాంకు ఖాతా తగవులో.

లాయఖ్ అలీ గృహనిర్బంధం నుండి తప్పించుకుని 1950లో పాకిస్థాన్ చేరాడు. కాటన్ చెప్పగా రాల్ఫ్ బార్కర్ రాసిన జీవితకథ 1969లో వెలువడింది. అదే ఏడాది కాటన్ మరణించాడు. 1942లో ఏర్పడిన బీదరు విమానాశ్రయం నేడు భారత వైమానిక దళపు శిక్షణ కేంద్రం. రాష్ట్రాల విభజనతో ఆ రహదారి చరిత్ర కూడా రెండుగా చీలింది. బీదరు కథను కన్నడ పరిశోధకులు, సంగారెడ్డి కథను తెలుగు పరిశోధకులు వేర్వేరుగా రాస్తున్నారు. 1948 సెప్టెంబరు 16న జహీరాబాదు కూడలి వద్ద, ఆ తర్వాతి వారాలలో దాని చుట్టుపక్కల పల్లెలలో ఏమి జరిగిందో రెండు భాషలలోనూ, ఉర్దూలోనూ కలిపి వెదకవలసిన పని మిగిలి ఉంది.